ఊరు కదలడానికి ఎన్ని గంటలు పడుతుంది?

కృష్ణా డెల్టాను పదమూడేళ్ల తేడాతో రెండు పెను తుఫాన్లు కొట్టాయి. మొదటిది 1977 నవంబరు 19న. ఆ రోజు దివిసీమ మీద పడ్డ ఉప్పెనలో చనిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది. అసలు సంఖ్య అంతకంటే చాలా ఎక్కువని ఆ ప్రాంతంలో ఈనాటికీ చెప్పుకుంటారు. రెండోది 1990 మే 9న వచ్చింది. అదీ కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే తీరం దాటింది. బలంలోనూ మొదటిదానికి పెద్దగా తీసిపోలేదు. కానీ ఈసారి మృతులు వెయ్యి లోపే.

వెయ్యి ప్రాణాలు తక్కువేమీ కావు. అయినా పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడాను సముద్రం దయ అని సరిపెట్టుకోలేం. 1990లో తుఫాను రాకముందే సుమారు 6.5 లక్షల మందిని తీరం నుంచి కదిలించారు. 1977లోనూ వాతావరణ శాఖ హెచ్చరించింది, రేడియో చెప్పింది. అయితే ఆ మాట విన్న మనిషి ఎక్కడికి పోవాలో, ఎలా పోవాలో, ఎవరు తీసుకుపోతారో తేల్చిపెట్టిన ఏర్పాటు ఊళ్లలో లేదు.

జనాన్ని ఖాళీ చేయించడం అనగానే టీవీలో చూసిన దృశ్యాలు గుర్తొస్తాయి. ఎన్డీఆర్ఎఫ్ పడవలు, నడుంలోతు నీళ్లలో ముసలమ్మను భుజాన వేసుకున్న జవాను. నిజానికి అవి తరలింపు ఆలస్యమైన చోట కనిపించే దృశ్యాలు. సరిగ్గా జరిగిన తరలింపులో కెమెరాకు దొరికేది ఏమీ ఉండదు. ఎండ ఇంకా కాస్తుండగానే జనం సంచులు పట్టుకుని బస్సెక్కి, ఏడెనిమిది కిలోమీటర్ల అవతల హైస్కూల్లో దిగుతారు, అంతే. దాని వెనక ఉన్నదంతా గంటల లెక్క. ఆ లెక్కలో ఎక్కువ గంటలు మింగేది చాలాసార్లు రోడ్డూ బస్సూ కాదు, ఇంటివాళ్ల నిర్ణయం. ఆ గంటల్ని తుఫాను ముంచుకొచ్చిన రోజున తగ్గించలేం. ఆకాశం తేటగా ఉన్న రోజుల్లోనే తగ్గించుకోవాలి.

ఎవరు కదలాలి?

తుఫాను అంటే ముందు గాలే తలపుకొస్తుంది. కానీ బంగాళాఖాతం తుఫాన్ల చరిత్రలో ఎక్కువ ప్రాణాలు తీసింది నీరు. తుఫాను కేంద్రంలో గాలి పీడనం తగ్గినప్పుడు సముద్ర మట్టం కొద్దిగా పైకి లేస్తుంది. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీరు సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. అంటే 60 మిల్లీబార్లు పడిపోయినా ఆ కారణంగా పెరిగేది రెండడుగులే. మిగతా ఎత్తంతా గాలి పని. గంటకు 150, 200 కిలోమీటర్ల వేగంతో గంటల తరబడి వీచే గాలి సముద్రాన్ని ఒడ్డుకు నెడుతుంది. లోతైన చోట ఆ నీరు కిందినుంచి వెనక్కి జారిపోతుంది. తీరం దగ్గర లోతు తక్కువ కాబట్టి జారడానికి చోటుండదు, పైకి లేచి నేల మీదికి వస్తుంది. అదే ఉప్పెన. దానికి సముద్రపు పోటు సమయం తోడైతే ఎత్తు ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మన అర్ధగోళంలో తుఫాను గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. పడమరకో వాయవ్యానికో కదులుతూ మన తీరం దాటేటప్పుడు, దాని దారికి కుడిపక్కన, అంటే ఉత్తరం వైపున, గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమపక్కన నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది. కాబట్టి పెద్ద ఉప్పెన కుడిపక్కనే వస్తుంది. 1977లో తుఫాను కేంద్రం తీరం దాటింది చీరాల పరిసరాల్లో. దివిసీమ దానికి కుడిపక్కన పడింది. కృష్ణ పాయల మధ్య సముద్ర మట్టానికి కాస్తంత ఎత్తులో ఉన్న ఆ పల్లపు నేల మీదికి సుమారు 5 మీటర్ల ఎత్తున నీరు లేచింది. తీరం నుంచి కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొరబడింది.

ఒక ఘనపు మీటరు ఉప్పునీరు టన్నుకు పైగా తూగుతుంది. అది పరుగెత్తుకుంటూ వచ్చి తగిలితే మట్టిగోడ, తాటాకు ఇల్లు నిలబడవు. గాలి సంగతి వేరు. గట్టి స్లాబు ఇంట్లో తలుపులు బిగించుకుని కూర్చుంటే చాలావరకు బతికి బయటపడవచ్చు. అందుకే తరలింపు ప్రణాళిక జిల్లా మొత్తాన్ని కదిలించాలనుకోదు. ఉప్పెన చేరగల పల్లం, కరకట్టకు అవతలి పేటలు, నదీముఖాల దగ్గరి లంకలు, పూరిళ్లు, రేకుల ఇళ్లు, ఇవి కదలాలి. మేడ ఉన్నవాడు కదలకపోతే రోడ్డు మీద పూరింటివాడికి చోటు దొరుకుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీదికి వచ్చినప్పుడు లక్షల జనాభా ఉన్న నగరాన్ని ఖాళీ చేయించాలని ఎవరూ అనుకోలేదు. పల్లపు పేటల్ని కదిలించి, మిగతావాళ్లను ఇళ్లలోనే ఉండమన్నారు.

ఎక్కడెంత నీరు వస్తుందో అంచనా వేసే పని హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్, చేస్తుంది. తీరానికి దగ్గర సముద్రం లోతు, నేల ఎత్తు, తుఫాను వేగం, దాని దారి కంప్యూటరు నమూనాకు ఇచ్చి ఏ మండలంలో ఎంత మునక ఉండొచ్చో లెక్క కడుతుంది. ఆ లెక్కను ఊరి పటం మీద పరిస్తే ఎవరు కదలాలన్న ప్రశ్నకు వీధుల వారీగా జవాబు దొరుకుతుంది.

వెనక నుంచి ముందుకు లెక్క

తుఫాను ఫలానా రాత్రి 2 గంటలకు తీరం దాటుతుందని చెప్పారనుకుందాం. జనం సాధారణంగా ఆ సమయాన్నే గడువు అనుకుంటారు. కానీ తీరం దాటడానికి చాలా గంటల ముందే ఈదురుగాలులు మొదలవుతాయి. కొమ్మలు విరిగి రోడ్ల మీద పడతాయి, కాలిబాటలు బురదవుతాయి, బస్సు నడపడం ప్రమాదం. కాబట్టి అసలు గడువు సాయంత్రం 4, 5 గంటలే. చీకటి పడకముందే పని ముగించాలి కూడా. అలా ముగియాలంటే ఉదయమే జనం కదలడం మొదలుపెట్టాలి. ఉదయం కదలాలంటే ముందు రోజు రాత్రికే కలెక్టరు నిర్ణయం తీసుకుని ఉండాలి. అంటే తుఫానుకు ముప్పై గంటల ముందు మాట.

ఆ సమయానికి తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో కచ్చితంగా తెలియదు. ఉపగ్రహాలు, మచిలీపట్నం, విశాఖపట్నాల్లోని డాప్లర్ రాడార్లు, మెరుగైన నమూనాలు వచ్చాక అంచనాలు ఎంతో పదునెక్కాయి. అయినా ఒక రోజు ముందు గీసిన దారికీ అసలు దారికీ సగటున 70, 80 కిలోమీటర్ల తేడా ఉంటుంది. మన తీరంలో అంత దూరంలో ఒక జిల్లా ముగిసి ఇంకో జిల్లా మొదలవుతుంది. అందుకే దెబ్బ తగిలే నేల కంటే పొడవైన తీరాన్ని ఖాళీ చేయించాల్సి వస్తుంది. కదిలినవాళ్లలో కొందరు ప్రతిసారీ ‘ఊరికే’ కదిలినవాళ్లవుతారు. దీని సంగతి తర్వాత చూద్దాం.

ఇక ఊళ్లో లెక్క. 1,800 జనాభా ఉన్న ఒక తీర గ్రామాన్ని ఊహించుకుందాం. పటం ప్రకారం 600 మంది కదలాలి. తుఫాను షెల్టరు 8 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒక్కొక్కటి 50 మందిని ఎక్కించుకునే మూడు బస్సులున్నాయి. ఎక్కడం, దిగడం, తిరిగి రావడం కలిపి ఒక్కో విడతకు గంట. అంటే నాలుగు విడతలు, నాలుగు గంటలు. కాగితం మీద ఇది తేలిక. మధ్యలో ఒక కల్వర్టు మీదికి నీళ్లొచ్చి చుట్టూ తిరిగి రావాల్సి వస్తే ఏడెనిమిది గంటలవుతుంది. బస్సు వచ్చేసరికి జనం సిద్ధంగా లేకపోతే ఎన్ని గంటలో ఎవరూ చెప్పలేరు.

జనం అందరూ ఒకే వేగంతో కదలరు. కబురు అందగానే కొద్దిమంది బయల్దేరతారు. తర్వాత పెద్ద గుంపు ఒక్కసారిగా వస్తుంది. చివర పది ఇళ్లు మిగులుతాయి. ఆ పది ఇళ్లకు పట్టే సమయం మొదటి వంద ఇళ్లకు పట్టిన సమయంతో పోటీ పడుతుంది. మంచం దిగలేని తాత, నెలలు నిండిన గర్భిణి, చూపులేని మనిషి, నాలుగు గేదెలున్న ఇల్లు, ఒంటరి వితంతువు, భర్త వేటకు వెళ్లి ఇంకా రాని భార్య ఉండేది ఆ చివరి ఇళ్లలోనే. అందుకే మంచి ప్రణాళిక తోక నుంచి మొదలవుతుంది. ముందుగా ఆ ఇళ్ల జాబితా, ఒక్కొక్క ఇంటికి బాధ్యుడైన ఒక మనిషి పేరు, వాళ్లకోసం మొదటి వాహనం. మిగతా ఊరికి కాళ్లున్నాయి.

ఇల్లు ఎందుకు కదలదు?

బయటివాళ్లకు ఇది మొండితనంలా, అజ్ఞానంలా కనిపిస్తుంది. గుమ్మంలో నిలబడి చూస్తే అది మరో లెక్క. మత్స్యకారుడి సంపాదనంతా పడవలో, ఇంజన్లో, వలల్లో ఉంది. అప్పు ఇంకా తీరలేదు. కౌలురైతు ఇంట్లో ఆస్తి అంటే పాడిగేదె. వెళ్లి వచ్చేసరికి ఇంట్లో ఏం మిగులుతుందో తెలియదు. షెల్టరులో మరుగుదొడ్డి తాళం తీసి ఉంటుందో లేదో తెలియదు. ఎదిగిన కూతురిని అంతమంది మధ్య రాత్రంతా ఎలా ఉంచడం? ఇవన్నీ నిజమైన నష్టాలు, ఇప్పుడే కళ్లముందు ఉన్నవి. ఉప్పెన ఇంకా ఎక్కడో సముద్రంలో ఉంది.

పైగా హెచ్చరిక విన్న మనిషి విన్నవెంటనే లేవడు. ఇంకొకరిని అడుగుతాడు. పక్కింటివాళ్లు సర్దుకుంటున్నారా అని చూస్తాడు. పట్నంలో ఉన్న కొడుక్కి ఫోన్ చేస్తాడు. ఒడ్డుకు వెళ్లి అలల వంక చూసి వస్తాడు. విపత్తులను అధ్యయనం చేసే సామాజిక శాస్త్రవేత్తలు ప్రపంచమంతటా గమనించిన ప్రవర్తన ఇది. భయాందోళనతో జనం తొక్కుకుంటూ పరుగెత్తడం సినిమాల్లో ఎక్కువ, నిజంలో తక్కువ. నిజంలో ఉండే చిక్కు తాత్సారమే. కుటుంబం మొత్తం ఒకచోట చేరేదాకా ఎవరూ గడప దాటరు. భర్త సముద్రం మీద ఉంటే భార్య కదలదు. అందుకే వేటకు వెళ్లొద్దని, వెళ్లినవాళ్లు వెనక్కి రమ్మని ముందుగా చెప్పడం తరలింపులో మొదటి మెట్టు.

అనుభవం కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. ‘ఇట్టాంటివి ఎన్ని చూళ్లేదు!’ అనే పెద్దాయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన చూసిన తుఫాన్లలో ఆ ఊరు ఎడమపక్కన పడి ఉండొచ్చు, లేదా కేంద్రం వంద కిలోమీటర్ల అవతల దాటి ఉండొచ్చు. తప్పిపోయిన గండం బలహీనమైన గండంలా గుర్తుండిపోతుంది. 1977ను కళ్లారా చూసినవాళ్లు ఒక్క మాటకే లేస్తారు. వాళ్ల మనవలకు ఆ జ్ఞాపకం లేదు.

ఈ తాత్సారాన్ని ఏం తగ్గిస్తుంది? తెలిసిన ముఖం. మైకులో వచ్చే గొంతు కంటే డ్వాక్రా సంఘం లీడరు, ఆశా కార్యకర్త, మత్స్యకార పేటలో కులపెద్ద వచ్చి ‘మా ఇంట్లోవాళ్లు ముందు బస్సులో పోతున్నారు, మీరూ రండి’ అంటే పని జరుగుతుంది. అడిగి తెలుసుకోవాలన్న ఆరాటానికి అక్కడికక్కడే సమాధానం దొరుకుతుంది కాబట్టి.

పదో నంబరు ఎవరికి?

తుఫాను రోజుల్లో మన వార్తల్లో తప్పకుండా వినిపించే మాట: ఫలానా ఓడరేవులో ఏడో నంబరు, పదో నంబరు ప్రమాద హెచ్చరిక. ఆ సంకేతాలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. మొదటి రెండు దూరంలో ఉన్న తుఫాను గురించి. 3, 4 ఆ రేవుకే జాగ్రత్త చెప్పేవి. 5, 6, 7 ప్రమాదం. 8, 9, 10 పెను ప్రమాదం. 11 అంటే తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. అయిదుకూ ఆరుకూ, ఎనిమిదికీ తొమ్మిదికీ ఉన్న తేడా తుఫాను రేవుకు ఏ పక్కన దాటుతుందన్నదే. ఇవన్నీ ఓడల కెప్టెన్ల కోసం పుట్టినవి. లంగరు వేసుకోవాలా, లోతు నీళ్లలోకి వెళ్లాలా అన్నది వాళ్లు వీటిని బట్టి తేల్చుకుంటారు. పాలెంలో ఉన్న కుటుంబానికి ఆ అంకె ఏం చెయ్యాలో చెప్పదు.

నేల మీది జనం కోసం వాతావరణ శాఖ వేరే వరస పాటిస్తుంది. సుమారు 72 గంటల ముందు అధికారులను అప్రమత్తం చేసే ప్రకటన, 48 గంటల ముందు పసుపు రంగు హెచ్చరిక, 24 గంటల ముందు నారింజ, 12 గంటల ముందు ఎరుపు. ఇందులో కూడా సగం సమాచారమే ఉంది. ‘అతి తీవ్ర తుఫాను, గంటకు 120 కిలోమీటర్ల వేగంతో గాలులు, ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అంటే వినేవాడికి భయం వేస్తుంది, పని తోచదు. దాన్ని ఊరి భాషలోకి మార్చే మనిషి కావాలి. ‘రేపు పొద్దున పది గంటలకు రామాలయం దగ్గర బస్సులుంటాయి. కట్ట అవతలి రెండు వీధులవాళ్లూ ఎక్కాలి. హైస్కూల్లో దించుతారు, అన్నం అక్కడే. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, మందులు కవర్లో చుట్టుకోండి. పశువుల పలుపులు విప్పేయండి.’ ఇందులో ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి, ఏం పట్టుకుని అన్నవన్నీ ఉన్నాయి. ఇది విన్నాక అడగాల్సింది తక్కువ.

కబురు చేరే దారులు ఒకటికి రెండు ఉండాలి. సెల్‌ఫోన్లకు వచ్చే అప్రమత్త సందేశాలు మంచివే. కానీ కరెంటు పోయి టవరు మూగబోయే రాత్రి మళ్లీ చేతి మైకు, గుడి లౌడ్‌స్పీకరు, మసీదు మైకు, చర్చి గంట, దండోరానే దిక్కు. 1990 నాటికి మన తీరంలో ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా హెచ్చరికను నేరుగా అందుకునే యంత్రాలు వచ్చాయి. టెలిఫోన్ తీగలు తెగినా మాట చేరింది. ఒడిశా తీర జిల్లాల్లో ఇప్పుడు 122 సైరన్ స్తంభాలున్నాయి. బంగ్లాదేశ్‌లో కార్యకర్తలు జెండాలు ఎగరేస్తారు. ఒక జెండా అయితే కనిపెట్టుకుని ఉండాలి, మూడు జెండాలు లేస్తే షెల్టరుకు నడవాలి.

షెల్టరు తాళంచెవి

1970లో భోలా తుఫాను ఇప్పటి బంగ్లాదేశ్‌లో 3 లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాత అక్కడ రెడ్‌క్రాస్ చొరవతో, ప్రభుత్వంతో కలిసి తుఫాను సన్నద్ధతా కార్యక్రమం మొదలైంది. ఊరి మనుషులే అందులో కార్యకర్తలు. అయినా 1991 తుఫానులో సుమారు 1.4 లక్షల మంది చనిపోయారు. మగవాళ్ల కంటే ఆడవాళ్లే చాలా ఎక్కువ. పరిశీలించినవాళ్లకు తెలిసిన కారణాల్లో షెల్టర్ల కొరత ఒకటి, ఉన్నవాటిలో ఆడవాళ్లకు వేరే చోటు, మరుగుదొడ్లు లేకపోవడం ఇంకొకటి. ఇంట్లో మగవాళ్లు లేకుండా బయటికి వెళ్లడానికి జంకడం మరొకటి. తర్వాత కట్టినవాటిలో స్త్రీలకు వేరే గదులు పెట్టారు. పశువుల కోసం ‘కిల్లా’ అనే ఎత్తైన మట్టి దిబ్బలు పోశారు. కార్యకర్తల్లో ఆడవాళ్ల సంఖ్య పెంచారు. గేదెకు చోటు దొరికితే గేదె యజమానీ కదులుతాడు. ఇంజనీరుకు ఇది భవనం లెక్క, ఇంటివాళ్లకు నిర్ణయం లెక్క.

మన తీరంలో 1977 తర్వాత కట్టిన తుఫాను షెల్టర్లు చాలా ఊళ్లలో పాడుబడ్డాయి. ఏడాదికోసారి కూడా తలుపు తీయని భవనం ఉప్పుగాలికి ఎక్కువ కాలం నిలవదు. ఇనుము తుప్పు పట్టి కాంక్రీటు పెచ్చులూడుతుంది. ప్రపంచ బ్యాంకు సాయంతో 2011లో ఆంధ్రప్రదేశ్, ఒడిశాల్లో మొదలైన జాతీయ తుఫాను ముప్పు నివారణ పథకం ఈ పాఠం నేర్చుకునే వచ్చింది. స్తంభాల మీద ఎత్తుగా కట్టి, నీరు కిందినుంచి పోయేలా వదిలి, మామూలు రోజుల్లో బడిగానో అంగన్‌వాడీగానో పెళ్లిళ్లకో వాడుకునే భవనాలకు ప్రాధాన్యం ఇచ్చింది. వాటికి చేరే రోడ్లకూ డబ్బు పెట్టింది. రోజూ వాడే భవనానికి బల్బు వెలుగుతుంది, కుళాయి పనిచేస్తుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊరందరికీ తెలుస్తుంది. తుఫాను రాత్రి తాళంచెవి కోసం వెతుక్కోవడం కంటే అన్యాయమైన ఆలస్యం లేదు.

ఒడిశా నేర్చుకున్నది

1999 అక్టోబరు 29న పారాదీప్ దగ్గర తీరం దాటిన సూపర్ సైక్లోన్ ఒడిశాలో దాదాపు 10,000 మందిని బలి తీసుకుంది. ఆ రాష్ట్రం వెంటనే ప్రత్యేక విపత్తు నిర్వహణ సంస్థను పెట్టుకుంది. దేశానికి విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది 2005లో. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర దాటేసరికి ఒడిశా, ఆంధ్రప్రదేశ్ కలిసి పది లక్షల మందికి పైగా జనాన్ని కదిలించాయి. మరణాలు పదుల్లో ఆగాయి. 2019 మేలో ఫనీ తుఫానుకు ముందు ఒడిశా ఒక్కటే సుమారు 12 లక్షల మందిని తరలించింది.

ఇంతమంది కదలడం వెనక ఊరూరా చిన్న ఏర్పాటు ఉంది. షెల్టరుకు ఒక నిర్వహణ కమిటీ. అందులో హెచ్చరిక చెప్పే జట్టు, వెతికి తెచ్చే జట్టు, ప్రథమ చికిత్స జట్టు, వంట, నీళ్లు, పారిశుద్ధ్యం చూసే జట్టు. జనరేటరు, చెట్లు కోసే రంపం, స్ట్రెచరు, తాళ్లు షెల్టరులోనే ఉంటాయి. తుఫాను లేకపోయినా నడిచి చూసే మాక్‌డ్రిల్. డ్రిల్ విలువ తప్పులు బయటపెట్టడంలో ఉంది. చక్రాల కుర్చీ ర్యాంపు ఎక్కదని, జనరేటరులో డీజిల్ లేదని, జాబితాలో ఉన్న ముసలాయన పోయిన ఏడాదే చనిపోయారని అప్పుడే తెలుస్తుంది.

సునామీకి తుఫానంత వ్యవధి ఉండదు కాబట్టి అక్కడ సాధన ఇంకా ముఖ్యం. యునెస్కో ‘సునామీ సంసిద్ధ’ గుర్తింపును మన దేశంలో మొదటగా 2020లో అందుకున్న రెండు ఊళ్లూ ఒడిశావే: గంజాం జిల్లా వెంకట్రాయిపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి. ఆ తీరంలో నోలియాలని పిలిచే మత్స్యకారులు చాలావరకు తెలుగు మాట్లాడేవాళ్లు, తరాల కిందట ఉత్తరాంధ్ర నుంచి పైకి వెళ్లినవాళ్లు. మునక పటం, దారి చూపే బోర్డులు, ఎటు పరుగెత్తాలో తెలిసిన బడిపిల్లలు, క్రమం తప్పని డ్రిల్లు ఈ గుర్తింపుకు కావలసినవి.

రాని తుఫాను, అనుకోని కొండ

2013 నవంబరులో లెహర్ పెను తుఫానుగా బంగాళాఖాతం దాటుతూ వచ్చి, మచిలీపట్నం చేరేసరికి వాయుగుండంగా నీరసించింది. 2021 డిసెంబరులో జవాద్ కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లో 50,000 మందికి పైగా జనాన్ని తరలించారు. అది తీరం చేరకుండానే బలహీనపడింది. ఇలా జరిగినప్పుడల్లా ‘వచ్చిందీ లేదు, పోయిందీ లేదు, మమ్మల్ని అనవసరంగా తిప్పారు’ అనే మాట పుడుతుంది. వచ్చే తుఫానుకు ఆ మాటే అడ్డం పడుతుంది.

దీనికి మందు ముందే చెప్పడం. ‘తుఫాను తప్పకుండా మన ఊరి మీదికే వస్తుంది’ అని చెప్పి కదిలిస్తే రానప్పుడు నమ్మకం పోతుంది. ‘ఈ వంద కిలోమీటర్లలో ఎక్కడైనా దాటొచ్చు, మన మీదికి రాకపోవచ్చు కూడా, తెలిసేదాకా ఆగితే రోడ్డు ఉండదు’ అని చెబితే రానప్పుడు కూడా మాట నిలుస్తుంది. షెల్టరులో వేడి అన్నం, శుభ్రమైన మరుగుదొడ్డి దొరికి, ఇల్లు దోపిడీ కాకుండా కాపలా ఉంటే ఆ రాత్రి వృథా అయిందన్న కోపం సగం తగ్గుతుంది.

తీరాన్నే చూస్తూ కూర్చుంటే వేరే చోట దెబ్బ తగులుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస పరిసరాల్లో తీరం దాటింది. ఆ తర్వాత కుండపోత వానకు ఒడిశా గజపతి జిల్లాలోని బరఘరలో కొండచరియ విరిగిపడి, కొండ గుహలాంటి చోట తలదాచుకున్న పదిమందికి పైగా గిరిజనులు చనిపోయారు. సముద్రానికి దూరంగా, ఎత్తులో ఉన్నామనుకున్న ఊరది. కొండవాలు ఊళ్లకు కూడా వేరే పటం, వేరే జాబితా కావాలి.

నది దగ్గర పని కాస్త తేలిక. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. దిగువన ధవళేశ్వరం దగ్గర ఆ మూడు హెచ్చరికలకు 10, 13, 17 లక్షల క్యూసెక్కులే గీతలు. ఆ నీరు భద్రాచలం నుంచి కోనసీమ లంకలకు చేరేలోగా ఇంచుమించు ఒక రోజు చేతిలో ఉంటుంది. 2022 జులైలో భద్రాచలంలో నది 71 అడుగులు దాటినప్పుడు కూడా గీత దాటిందా లేదా అన్నదాని మీద వాదన లేదు. ముందుగా గీసిన గీత గొప్పతనం అది. నిర్ణయం ఎప్పుడో జరిగిపోయింది, అమలే మిగిలింది. తుఫాను తీరంలోనూ ఊళ్లు ఇలాంటి గీత గీసుకోవచ్చు: నారింజ హెచ్చరిక వస్తే కట్ట అవతలివాళ్లు ఎవరి పిలుపూ లేకుండానే బయల్దేరాలని.

గంటలు నిమిషాలైతే ఏమవుతుందో 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో చూశాం. పక్కనున్న ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఊరి మీదికి పాకింది. సైరన్ మోగలేదు. 12 మంది చనిపోయారు. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలను అంటుకుని పోతుంది. గాలి వీచే దిక్కుకు అడ్డంగా, వీలైతే మెట్ట వైపు వెళ్లాలి. నిద్రలో లేచి పరుగెత్తే మనిషికి అది అప్పుడు నేర్పలేం. ఫ్యాక్టరీ గోడ పక్కన ఊరుంటే ఆ పాఠం ముందే చెప్పి ఉండాలి.

తిరిగి వెళ్లే ముందు

తుఫాను కన్ను ఊరి మీదుగా పోయేటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగి, ఆకాశం తేటపడుతుంది. అయిపోయిందనుకుని జనం బయటికి వస్తారు. అరగంటకో గంటకో గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంతో కొడుతుంది. అందుకే షెల్టరు నుంచి ఎప్పుడు కదలాలన్నది కూడా ప్రణాళికలో భాగమే. తెగిన కరెంటు తీగలు, విరిగి వేలాడే కొమ్మలు, ఎత్తైన చోటు వెతుక్కుంటూ ఇళ్లలో దూరిన పాములు, ఉప్పునీరు కలిసిన బావులు తిరిగొచ్చినవాళ్ల కోసం కాచుకుని ఉంటాయి. లైన్‌మన్ చూసి చెప్పాక, ట్యాంకరు వచ్చాక వెనక్కి పంపాలి.

రాష్ట్ర స్థాయి విపత్తు కంట్రోల్ రూమ్‌కు 1070, జిల్లాకు 1077. ఆ నంబర్లకంటే ముందు ఊరికి తనదైన లెక్క ఉండాలి. బంగాళాఖాతంలో బలమైన తుఫాన్లు ఎక్కువగా వచ్చేది ఏప్రిల్, మే నెలల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ. ఆ నెలలకు ముందు జరిగే గ్రామసభలో కొన్ని ప్రశ్నలు అడగొచ్చు. మన ఊళ్లో కదలలేనివాళ్లు ఎవరు, ఒక్కొక్కరి బాధ్యత ఎవరిది? షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుంది, ఆయన లేకపోతే రెండోది ఎవరి దగ్గర? ఆడవాళ్ల మరుగుదొడ్డికి గడియ ఉందా? గేదెల్ని ఏ మెరక మీదికి తోలాలి, పడవల్ని ఏ కాలువలో కట్టాలి? కల్వర్టు మునిగితే రెండో దారి ఏది? బస్సు రాకపోతే ట్రాక్టర్లు ఎవరివి? వీటికి పేర్లతో, ఫోన్ నంబర్లతో సహా జవాబు చెప్పగల పంచాయతీ సగం గంటల్ని అప్పటికే ఆదా చేసినట్టు. చెప్పలేని పంచాయతీకి ముప్పై గంటల ముందు హెచ్చరిక వచ్చినా చాలదు.